సీసా మీద బీర్, లోపల వేర్ల షర్బత్

చిన్నూ, బుజ్జీ,

గ్రూపులో అత్త పెట్టిన ఫోటో చూసి ఇంట్లో పెద్ద గోలే అయిందంట కదా. మీ అమ్మ ఫోన్ చేసి "ఏంది మామా, ఈ వయసులో ఇది" అని నవ్వుతానే అడిగింది గానీ ఆ నవ్వులో సగం అనుమానమే. నా చేతిలో ఉన్న సీసా మీద బీర్ అని రాసుండేది నిజం, మేం పోయింది బీర్ కంపెనీకే అనేదీ నిజం, కానీ నేను తాగిందాంట్లో మందు లేదు రా. దాన్ని రూట్ బీర్ అంటారు, రూట్ అంటే వేరు కదా, మన నన్నారి షర్బత్‌కి అమెరికాలో ఉండే దూరపు చుట్టం అనుకోండి.

అత్త వాళ్ళుండే మిల్వాకీ ఊరి పక్కనే గ్లెండేల్‌లో స్ప్రెకర్ అని ఒక చిన్న బీర్ కంపెనీ ఉంది, 1985లో మొదలైంది. అసలు మిల్వాకీ అంటేనే బీర్ల ఊరు. 1920 నుంచి 1933 దాకా ఈ దేశమంతా మందు బంద్ పెట్టినప్పుడు ఇక్కడి కంపెనీలు మూత పడకుండా ఏవేవో చేసినాయి, పాబ్స్ట్ అనే వాళ్ళయితే చీజ్ కూడా అమ్మినారు, రూట్ బీర్ లాంటి కూల్ డ్రింకులు చేసి బతికినోళ్ళు కూడా చాలామంది. ఈ స్ప్రెకర్ వాళ్ళు మాత్రం ఆ బాధేం లేకపోయినా చేస్తారు, బీరు కాచినట్టే పెద్ద కెటిల్ కింద మంట పెట్టి కాచి, ఈ ఊరుండే విస్కాన్సిన్ రాష్ట్రం తేనె పోస్తారు.

లోపలంతా తిప్పి చూపించినాక చిన్న చిన్న కప్పుల్లో పోసిచ్చినారు. మామ గటగటా తాగేసి "పది" అన్నాడు. అట్లా ఎట్లా వేస్తావయ్యా మార్కులు అనుకున్నా మనసులో, అల్లుడు కదా పైకి అనలేం.

నేను ముందు వాసన చూసినా. చూసిన వెంటనే కప్పు కింద పెట్టేసినా! అచ్చం జేజి మోకాళ్ళకి పూసుకునే బామ్ వాసన. ఇదేంది రా దేవుడా అనుకుని అత్తని అడిగితే ఫోన్‌లో వెతికి చెప్పింది, రూట్ బీర్‌లో వింటర్‌గ్రీన్ అనే ఆకు వాసన ఉంటుందంట, మన నొప్పుల బామ్‌లలో వేసే గంధపుర తైలంలో ఉండేదీ అదే సరుకంట. అమెరికా వాళ్ళకి చిన్నప్పుడే ఈ వాసన తీపితో కలిసి తెలుస్తుంది, మనకేమో నడుం నొప్పితో కలిసి తెలుస్తుంది, తేడా అంతే. అందుకే మనోళ్ళు చాలామంది ఒక గుక్క తాగి మొహం చిట్లించి పక్కన పెట్టేస్తారు.

రెండో గుక్కకి బామ్ కొంచెం వెనక్కి పోయింది. నురగ చిక్కగా పెదాలకి అంటుకుంది, అది యక్కా అనే మొక్క రసం వల్ల వస్తుందంట, చాలా కంపెనీలు కలుపుతాయి. మూడో గుక్క కొంచెం ఆగి, చల్లదనం తగ్గినాక తాగినా. మరీ చల్లగా ఉంటే నాలుకకి ఏం తెలీదు, తీపి ఒక్కటే తెలుస్తుంది. అప్పుడొచ్చింది అసలు సంగతి, గొంతు దిగినాక వెనకాల వెనిలా, తేనె, ఇంకా ఏదో బాగా తెలిసిన వాసన. ఎక్కడో తాగినానే ఇది అని రెండు నిమిషాలు ఆలోచిస్తే, ఎండాకాలం మన కర్నూల్లో బండి మీద నిమ్మకాయ పిండి సోడా కొట్టి ఇస్తాడే, ఆ నన్నారి! చిన్నూ, నువ్వు సైన్స్ చదువుతుండావు కాబట్టి చెప్తున్నా, నన్నారి వేరులో వాసన ఇచ్చే పదార్థం, వెనిలాలో వాసన ఇచ్చే వెనిలిన్ రెండిట్లో పరమాణువులు అవే, లెక్క కూడా అంతే, అమరిక ఒక్కటే వేరు.

అసలు పాతకాలంలో దీంట్లో సాసఫ్రాస్ అనే చెట్టు వేరు వేసేవాళ్ళు. ఫిలడెల్ఫియాలో చార్లెస్ హైర్స్ అనే మందుల షాపు ఆయన 1876లో అక్కడ జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో దీన్ని జనానికి అలవాటు చేసినాడు. ఆ వేరులో ఉండే సాఫ్రోల్ ఎలుకలకి లివర్ క్యాన్సర్ తెప్పిస్తుందని తేలి 1960లో ఆపేసినారు. అంటే ఇప్పుడు పేరులో ఉన్న వేరు సీసాలో లేదు, లేకపోతే సాఫ్రోల్ తీసేసి వేస్తారు.

ఇంక నా మార్కులు. వాసనకి 10కి 5, అది నా మోకాళ్ళ తప్పు. నురగకి 9. రుచికి 8, తీపి ఇంకొంచెం తగ్గించి ఉంటే 9 ఇచ్చేవాడిని. మొత్తం మీద ఏడున్నర. అత్త ఇంట్లో ఫ్రిజ్‌లో ఉండే డబ్బా రూట్ బీర్‌కి 5 మించి ఇయ్యను, దాంట్లో మూడో గుక్కకి ఏం మిగల్లేదు. వెనిలా ఐస్‌క్రీమ్ వేసుకుని తాగితే ఇంకా బాగుంటుందని మామ అంటాడు గానీ అది ఐస్‌క్రీమ్‌కి మార్కులు వేసినట్టు అవుతుంది.

రెండు సీసాలు నా పంచెల్లో చుట్టి సూట్‌కేసులో పెట్టినా, పగలకుండా వస్తే మీకే. తాగే ముందు బండి దగ్గర నుంచి నన్నారి కూడా తెప్పించండి, రెండూ పక్కపక్కన పెట్టుకుని మూడు గుక్కలు తాగినాకే మార్కులు వేయాల. నా మార్కులు ముందే చెప్పేసినా కదా, అవి మర్చిపోండి. సీసా మాత్రం మీ అమ్మకి నేనే ఇస్తా, లేబుల్ చూసి ఆమె మొహం ఎట్లా పెడుతుందో చూడాల.

మీ తాత