ఒక పట్టా, రెండు విశ్వవిద్యాలయాలు: జాయింట్ డిగ్రీలపై అపోహలు - వాస్తవాలు

ఒక విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ వ్యవహారాల విభాగంలో పదేళ్లకు పైగా పనిచేస్తున్నాను. విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి నడిపే డిగ్రీల ఫైళ్లన్నీ నా టేబుల్ మీదుగానే వెళ్తాయి. విద్యార్థులు, తల్లిదండ్రులు, ఒక్కోసారి మా ప్రొఫెసర్లు కూడా కొన్ని విషయాలను తప్పుగా అనుకోవడం తరచూ చూస్తుంటాను. ఆ పొరపాట్లకు చివరికి నష్టపోయేది విద్యార్థే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: జాయింట్ డిగ్రీ, డ్యూయల్ డిగ్రీ రెండూ ఒకటే.

కాదు. జాయింట్ డిగ్రీ అంటే విశ్వవిద్యాలయాలు కలిసి ఒకే పట్టా ఇవ్వడం. డ్యూయల్‌లో దేని పట్టా అది విడిగా ఇస్తుంది. ట్విన్నింగ్ అనే మూడో రకంలో చదువు కొంత బయట సాగినా పట్టా ఒక్క సంస్థదే. భారత్‌లో యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనలు కూడా ఈ మూడింటినీ వేర్వేరుగానే నిర్వచించాయి.

పేరు చూసి మోసపోవద్దు. సింగపూర్‌లోని యేల్-ఎన్‌యూఎస్ కాలేజీ పేరులో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం ఉన్నా, అక్కడ చదివినవాళ్లకు డిగ్రీ ఇచ్చింది సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం (ఎన్‌యూఎస్) ఒక్కటే. అదే నగరంలోని డ్యూక్-ఎన్‌యూఎస్ వైద్య కళాశాలలో ఎండీ పట్టాను అమెరికాలోని డ్యూక్, ఎన్‌యూఎస్ రెండు విశ్వవిద్యాలయాలూ కలిసి ఇస్తాయి. కాబట్టి చేరేముందు మొహమాటపడకుండా పట్టా నమూనా చూపించమని అడగండి. దాని మీద ఎవరెవరి ముద్ర ఉందో చూసుకోండి.

చాలా విశ్వవిద్యాలయాలు జాయింట్ వదిలి డ్యూయల్ వైపు వెళ్లడానికి కారణం చిత్తశుద్ధి లేకపోవడం కాదు, చట్టాలు. పట్టా మీద ఏం రాయాలో, ఎవరి పేరిట ఇవ్వాలో ఒక్కో దేశం ఒక్కోలా నిర్ణయించుకుంది. స్పెయిన్‌లో అధికారిక డిగ్రీని రాజు పేరిట రెక్టర్ (విశ్వవిద్యాలయ అధిపతి) జారీ చేస్తారు. ఇలాంటి షరతులన్నీ ఒకే కాగితం మీద ఇమడాలి. నేను చూసిన ఒక ప్రోగ్రామ్‌లో సిలబస్ కంటే పట్టా మీది నాలుగు వాక్యాలకే ఎక్కువ ఉత్తరాలు నడిచాయి.

అపోహ: ఎంఓయూ మీద సంతకాలైతే ప్రోగ్రామ్ మొదలైనట్టే.

ఎంఓయూ అంటే కలిసి పనిచేద్దామన్న మాట, అంతే. అసలు ఒప్పందం తర్వాత వస్తుంది. ఎవరు చేర్చుకుంటారు, ఫీజు ఎక్కడ కట్టాలి, ఏ కోర్సుకు ఎన్ని క్రెడిట్లు, ఫెయిలైతే మళ్లీ పరీక్ష ఎక్కడ రాయాలి, థీసిస్‌కు ఇద్దరు గైడ్‌లుంటే ఎవరి మాట చెల్లుతుంది... ఇవన్నీ అందులో ఉండాలి. తర్వాత మా విశ్వవిద్యాలయంలోని బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ కౌన్సిల్ అనే విద్యా కమిటీల ఆమోదాలు. భాగస్వామి విశ్వవిద్యాలయంలోనూ అంతే. ఒకచోట ఒక్క మాట మార్చినా ఫైలు రెండోచోట మళ్లీ మొదటికి వస్తుంది. నా అనుభవంలో ఏడాదిన్నరకు తక్కువ పట్టిన ప్రోగ్రామ్ లేదు. యూరప్‌లో 2004లో మొదలైన ఎరాస్మస్ ముండుస్ (పలు విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే మాస్టర్స్‌కు సాయం) పథకంలో, కొత్త మాస్టర్స్ రూపకల్పనకే 15 నెలల గ్రాంటు విడిగా ఉంది. సిద్ధం కావడమే ఒక పెద్ద పని అని వాళ్లు గుర్తించారు.

అపోహ: అక్కడి మార్కులను శాతంలోకి మారిస్తే సరిపోతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. ఇటలీలో పరీక్షకు 30 మార్కులు, 18 వస్తే పాస్. జర్మనీలో లెక్క తలకిందులు: 1.0 అత్యుత్తమం, 4.0 దాకా పాస్. ఫ్రాన్స్‌లో 20కి 10 పాస్, 16 వస్తే చాలా గొప్ప.

కొన్నేళ్ల క్రితం మా విద్యార్థిని ఒకరు ఫ్రాన్స్‌లో ఒక సెమిస్టర్ చదివి 20కి 14 తెచ్చుకుంది. తన తరగతిలో ఆమెది రెండో స్థానం. ఇక్కడ పరీక్షల విభాగం దాన్ని తిన్నగా 70 శాతం అని రాసేసింది. దాంతో ఆమెకు డిస్టింక్షన్ పోయింది. నా దగ్గరికి వచ్చి, "సార్, నేను వెళ్లకుండా ఉంటే వచ్చేది కదా" అంది. జవాబు చెప్పలేకపోయాను. సరిచేయడానికి ఆరు నెలలు పట్టింది.

సరైన పద్ధతి ఉంది. అక్కడ ఆ గ్రేడు ఎంతశాతం మందికి వస్తుందో చూసి, ఇక్కడ అంతేశాతం మందికి వచ్చే గ్రేడుతో పోల్చాలి. యూరప్ క్రెడిట్ విధానమైన ఈసీటీఎస్ సూచించేది ఇదే. ఇలా పోల్చిన పట్టిక మొదటి బ్యాచ్ బయలుదేరకముందే ఒప్పందానికి అనుబంధంగా ఉండాలి.

క్రెడిట్లతోనూ జాగ్రత్త. ఈసీటీఎస్‌లో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. విద్యార్థి సొంతంగా చదువుకునే సమయం కూడా అందులోనే ఉంటుంది. క్లాసు గంటలనే లెక్కించే విధానంతో దాన్ని పోల్చి ఒకటికి ఒకటి అనుకుంటే కోర్సులు పెరిగిపోయి పిల్లలు నలిగిపోతారు.

అపోహ: ఒక దేశంలో గుర్తింపు ఉంటే అన్నిచోట్లా ఉన్నట్టే.

దేశం దేశానికీ గుర్తింపు వేరు. 2015లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో యూరప్ విద్యామంత్రులు జాయింట్ ప్రోగ్రామ్‌ను ఒకేసారి మదింపు చేసే పద్ధతికి ఆమోదం తెలిపారు. దాన్ని కూడా అన్ని దేశాల చట్టాలూ ఒకేలా అమలు చేయడం లేదు. వైద్యం, న్యాయవాదం లాంటి వృత్తులకైతే లైసెన్సు సంగతి మళ్లీ వేరు.

అపోహ: విద్యార్థిని పంపితే చాలు, మిగతాది అక్కడివాళ్లు చూసుకుంటారు.

జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో, జర్మనీలో శీతాకాల సెమిస్టర్ అక్టోబరులో, ఆస్ట్రేలియాలో ఫిబ్రవరి చివరలోనో మార్చిలోనో మొదలవుతాయి. ఈ మధ్య వచ్చే ఖాళీలో విద్యార్థి ఎక్కడుంటాడు? బీమా ఎవరిది? వీసా ఎప్పటిదాకా? చిన్న విషయాలే బాగా ఇబ్బంది పెడతాయి. సొంత విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రేషన్ ముగియగానే ఈమెయిల్, లైబ్రరీ లాగిన్ ఆగిపోతాయి. థీసిస్ రాస్తున్నవాళ్లకు అంతకంటే టెన్షన్ ఏముంటుంది? అందుకే మేము చదువు పూర్తయ్యేదాకా రెండుచోట్లా రిజిస్ట్రేషన్ కొనసాగేలా చూస్తాం. రెండుచోట్లా ఫోన్ ఎత్తే మనిషి ఒక్కొక్కరు ఉండాలని పట్టుబడతాం.

అపోహ: ఒకసారి మొదలైతే అలా సాగుతూనే ఉంటుంది.

పైన చెప్పిన యేల్-ఎన్‌యూఎస్ కాలేజీని మూసేస్తున్నట్టు 2021లో ప్రకటించారు. అప్పటికే చేరినవాళ్లు చదువు పూర్తిచేసేందుకు 2025 దాకా నడిపారు. భాగస్వామి తప్పుకుంటే, అప్పటికే చేరినవాళ్లకు పట్టా ఎవరిస్తారో, ఎంతకాలం బోధిస్తారో రాసిన పేరా ఒప్పందంలో ఉండాలి. ముసాయిదా రాగానే నేను మొదట వెతికేది దాన్నే. అది లేకపోతే ఫైలు సంతకానికి పంపను.