రాక్షసులు, గరుత్మంతుడు, నాగులు ఏం తింటరు? అపోహలు - వాస్తవాలు

వరంగల్ చుట్టుపక్కల ఊర్లు తిరుక్కుంట జానపద కథలు రికార్డ్ చేసుడు నా పని, ఆ సంగతి తెల్వంగనే పిల్లలైనా పెద్దలైనా అడిగేది ఒకటే, అవన్నీ ఏం తింటయి సార్ అని. జవాబు కూడా వాళ్లే చెప్పేస్తరు, చానామటుకు తప్పే.

అపోహ: రాక్షసుడు మనిషి మాంసం తప్ప ఇంకోటి ముట్టడు.
బకాసురుని లెక్క చూడండి. ఏకచక్రపురం వాళ్లు పంపాల్సింది బండెడు అన్నం, రెండు దున్నపోతులు, అవి తోలుకపోయిన మనిషి. మనిషి ఆఖరికి, ముందుగాల అన్నమే! పైగా ఇంటికొక వంతు. ఈ వంతుల ముచ్చట వింటే మా దిక్కు ముసలోళ్లకు రాక్షసుడు కాదు, దొరల కాలం వెట్టి యాదికొస్తది, అందుకే భీముడు రాక్షసుని ముంగటనే కూసొని ఆ అన్నమంతా తినే కాడ అందరికన్నా ఎక్కువ నవ్వేది వాళ్లే.

అపోహ: గరుత్మంతుడు పుట్టిన కాన్నుంచే పాముల్ని తింటడు.
కాదు. మహాభారతం ఆది పర్వంల చూస్తే తల్లి దాస్యం తీరేదాక ఆ పాములకు ఆయనే చాకిరీ చేసిండు, వాటిని వీపు మీద మోసిండు కూడా. అమృతం తెచ్చేటప్పుడు ఇంద్రుడు వరం కోరుకొమ్మంటే పాములు నాకు ఆహారం కావాలె అన్నడు, అంటే అది అడిగి తెచ్చుకున్న తిండి. అంతకుముందు ఆకలైతే కశ్యపుడు చూపెట్టింది ఒక ఏనుగు, ఒక తాబేలు. అవెవరో తెలుసా, సుప్రతీకుడు, విభావసుడు, ఆస్తి పంపకాల కాడ ఒకళ్లనొకళ్లు శపించుకున్న అన్నదమ్ములు, జంతువులైనంక కూడా కొట్లాట ఆపలే, ఆఖరికి ఇద్దరినీ చెరో గోరుకు పట్టుకొని ఎగిరిపోయిండు. భూమి పంచాయితీలున్న ఏ ఊర్లనైనా ఈ కథ చెప్పి చూడండి, ఇగ వేరే కథ చెప్పనియ్యరు.

అపోహ: నాగులకు పాలే ఆహారం.
నాగుల పంచమికి పుట్టల పాలు పోసుడు మన భక్తి, అది వేరే. పాత కావ్యాలల్ల పాము గాలి మేసి బతుకుతది. అసలు పామేమో ఎలుకలు, కప్పలు తింటది, పాములోళ్లు నీళ్లియ్యకుంట దూప పెట్టి తెచ్చిన పామైతే పాలేంది, ఏది పెట్టినా తాగుతది.

అపోహ: హంస పాలే తాగుతది.
పాలు నీళ్లు వేరు చేస్తదన్నరు గాని కవులు దానికి పెట్టిన తిండి తామరతూడు. చకోరానికేమో వెన్నెల.

అపోహ: గుడి తోరణం మీద గుడ్లు మిటకరించే సింహం మొఖం పాపాత్ముల్ని మింగనీకి పెట్టిందే.
అది కీర్తిముఖం. జలంధరుడనే రాక్షసుని కథల, వాడు దూతగా పంపిన రాహువును తినమని శివుని కోపంల నుంచి పుట్టింది. రాహువు శరణనంగనే శివుడు ఆపిండు, మరి నా ఆకలి సంగతేందంటే నిన్ను నువ్వే తిను అన్నడు. కాళ్లు చేతుల కాన్నుంచి మొదలువెట్టి ఒళ్లంతా తినేసింది, మొఖమొక్కటే మిగిలింది. చానా గుళ్లల్ల దానికి కింది దవడ గూడ ఉండదు, ఈసారి పోయినప్పుడు చూడండి.