పురుగు పడలేదు, ఈగ పెట్టింది

ప్రాణహిత గోదావరిలో కలిసేచోట అవతలి ఒడ్డున కాళేశ్వరం, ఇవతల గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇక్కడ ఆఫీసు కాగితాలు మరాఠీలో ఉన్నా, చాలా ఇళ్లలో గొడ్డును అదిలించేది తెలుగులోనే. తొలకరి దుక్కులు మొదలయ్యాక ఆ తెలుగులో తరచూ వినపడే మాట, “ఎద్దు మెడకు పురుగులు పడ్డాయి.”

ఈ ‘పడ్డాయి’ దగ్గరే నా బాధంతా. పుండు కుళ్లితే పురుగు దానంతటదే పుడుతుందన్న నమ్మకం ఆ మాటలో దాగి ఉంది. నిజానికి ముందు వచ్చేది ఈగ. క్రైసోమియా బెజియానా అనే నీలం, ఆకుపచ్చ మెరుపుల ఈగ పచ్చి పుండు అంచున ఒక్క విడతలో 100కు పైగా గుడ్లు పెట్టి ఎగిరిపోతుంది. 12 నుంచి 24 గంటల్లో అవి పొదుగుతాయి. ఈ పిల్లలకు కుళ్లిన మాంసం అక్కర్లేదు, బతికున్న కండే కావాలి. తల లోపలికి దించి తొలుచుకుపోతూ, తోక వైపు రంధ్రాలను పైకి పెట్టి గాలి పీల్చుకుంటాయి. ఒంటి చుట్టూ మరమేకు చుట్లలా ముళ్ల వరుసలు. పుండు వాసనకు మరిన్ని ఈగలు చేరతాయి.

టర్పెంటైన్ నూనె పోస్తే పురుగులు పైకి ఎగబాకడం చాలామంది చూసే ఉంటారు. పైనున్న ఆ గాలి దారి మూసుకుపోవడమే కారణం. సీతాఫలం ఆకు నూరి కట్టిన పెద్దలదీ పిచ్చి నమ్మకం కాదు, ఆ ఆకుకు పురుగును చంపే గుణం ఉంది. పత్తికి కొట్టే మందు, కిరోసిన్ మాత్రం పోయకండి. పుండు మండిపోతుంది, నాకితే పశువు ప్రాణానికే ముప్పు. పురుగు లోతుగా దిగితే పశువైద్యుడు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేస్తారు. పాలిచ్చే బర్రెకైతే ఆ సంగతి ముందే చెప్పాలి, మందు పాలలోకి దిగుతుంది.

ఈగకు పెద్ద గాయమే ఉండనక్కర్లేదు. పిడుదు కుట్టినచోటు, ముకుతాడు ఒరుసుకున్న ముక్కు, గాలికుంటుతో పగిలిన గిట్టల సందు, అప్పుడే పుట్టిన దూడ బొడ్డు, ఏదైనా చాలు. దూడ నేల మీద పడిన రోజే బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్దాలి. కోడెలకు విత్తులు కొట్టించడం, కొమ్ములు కోయించడం వానాకాలంలో పెట్టుకోవద్దు. అరక విప్పగానే ఎద్దు మెడ ఒకసారి తడిమి చూడటానికి ఎంతసేపు పడుతుంది? కాడి ఒరిపిడి కనిపిస్తే ఆ పూటే కడిగి, చుట్టూ వేపనూనె రాస్తే గుడ్డు పడకముందే ఈగ దూరమవుతుంది.

ఇంకొకటి. ఏరిన పురుగులను కొట్టంలోనే విసిరేస్తుంటారు. ఐదారు రోజులు తిని బలిసిన పురుగు తనంతట తానే జారిపడి మట్టిలో దూరుతుంది, ఈ వేడికి వారం పది రోజుల్లో ఈగై లేస్తుంది. ఏరేటప్పుడు పక్కనే సలసలా కాగిన నీళ్ల గిన్నె పెట్టుకుని అందులో వేయండి.