తడిలో ఆరే నల్లటి పూత

మనకు తెలిసిన రంగులన్నీ ఎండ తగిలితే తొందరగా ఆరతాయి. చైనా ల్యాకర్ అనే నల్లటి పూతకు మాత్రం తేమ కావాలి. 17, 18 శతాబ్దాల్లో యూరప్ సంపన్నులు ఎగబడి కొన్న, ఆ పూత వేసిన నల్లటి అలమారాలు, మడత తెరల గొప్పతనమూ బలహీనతా రెండూ ఈ తేమ దగ్గరే ఉన్నాయి.

ల్యాకర్ అంటే లక్క కాదు. లక్క పురుగు నుంచి వస్తుంది, వేడికి కరుగుతుంది. ల్యాకర్ ఒక చెట్టు నుంచి కారే జిగురు. ఆ చెట్టు మామిడి, జీడి కుటుంబానిదే. జిగురులోని ఉరుషియోల్ అనే రసాయనం పచ్చిగా ఒంటికి తగిలితే దద్దుర్లు, బొబ్బలు లేస్తాయి. అదే కుటుంబంలోని నల్లజీడి గింజ రసంతో మన దగ్గర రజకులు బట్టల మీద గుర్తులు పెట్టేవారు. ఎన్నిసార్లు ఉతికినా పోని ఆ నలుపులో ఉన్నవి ఉరుషియోల్‌కు దగ్గరి చుట్టాలే.

ల్యాకర్ ఆరడమంటే నీరు ఇగిరిపోవడం కాదు. జిగురులోనే ఉండే లాకేజ్ అనే ఎంజైమ్, గాలిలోని ఆక్సిజన్‌ను వాడుకుని ఉరుషియోల్ అణువులను ఒకదానితో ఒకటి గట్టిగా ముడివేస్తుంది. అది బాగా పనిచేయాలంటే గాలిలో 70-80 శాతం తేమ ఉండాలి. అందుకే పూసిన వస్తువును తేమగా ఉంచిన గదిలో పెడతారు. పలుచగా ఒక పొర, గట్టిపడ్డాక నునుపుగా రుద్దడం, మళ్లీ ఇంకో పొర. మేలురకం పనికి నెలలు పడుతుంది. ఒకసారి గట్టిపడితే నీళ్లకూ ఆల్కహాల్‌కూ లొంగదు.

ఈ చెట్టు యూరప్‌లో లేదు. అక్కడి పనివాళ్లు భారతదేశం నుంచి వెళ్లిన లక్కను ఆల్కహాల్‌లో కరిగించి పూసి ఆ మెరుపును అనుకరించారు. చూడ్డానికి బాగుండేది కానీ గట్టిదనం రాలేదు. అసలు సరుకు ఓడల్లో రావాల్సిందే.

అలా వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి కోరమాండల్ తెరలు. తయారైంది చైనాలోనే. కోరమాండల్ అని పిలిచే మన తూర్పు తీరంలోని ఈస్టిండియా కంపెనీల రేవుల మీదుగా యూరప్ చేరడంతో ఆ పేరు పడింది. తరచు పన్నెండు పలకలుంటాయి. నల్లటి పూతను ఉలితో బొమ్మలుగా చెక్కి, ఆ పల్లాల్లో రంగులు నింపుతారు. బాధేమిటంటే, యూరప్‌లో వీటిని రంపంతో కోసి వేరే సామానుకు అతికించారు. ఇంగ్లండ్‌లో అలా చేసిన కొన్ని అద్దాల చట్రాల మీద మనుషులూ మేడలూ అడ్డంగా పడుకుని కనిపిస్తారు. ప్యారిస్ పనివాళ్లు ఇంకా నేర్పరులు. వెనక చెక్కను పలుచగా చెక్కేసి, పూతను వంపు తిరిగిన బీరువాల మీద అతికించారు.

1757 తర్వాత చైనాతో యూరప్ వ్యాపారం గ్వాంగ్జౌ రేవుకే పరిమితమైంది. ఈశాన్య రుతుపవనాలతో ఓడలు బయల్దేరేలోగా సరుకు సిద్ధం కావాలి. ఆ టెన్షన్‌లో చాలా ఎగుమతి సామానుకు తక్కువ పొరలే పడ్డాయి.

ఆ తొందర ఫలితం ఇప్పుడు కనిపిస్తోంది. చలికాలంలో వేడిచేసిన గదుల్లో గాలి పొడిబారి చెక్క కుంచించుకుపోతుంది. పైపూత దానితోపాటు కుంచించుకోలేక పగిలి పెచ్చులుగా లేస్తుంది. వెలుతురులోని అతినీలలోహిత కిరణాలు నలుపును గోధుమరంగుకు దించి, పైపొరను విరగ్గొడతాయి. ఒకప్పుడు నీళ్లకు లొంగని ఆ పూతను ఈ దశలో తడిగుడ్డతో తుడిచినా తెల్లటి మచ్చలు పడతాయి.