మైక్రోవేవ్ ప్రొఫెసర్ పొద్దంతా కొలతల మీదే ఎందుకు పోతుంది?

మైక్రోవేవ్ (గిగాహెర్ట్జ్ స్థాయి రేడియో తరంగాల) సర్క్యూట్ల ప్రొఫెసర్ ల్యాబ్‌లో డిజైన్ కంటే కొలతకే ఎక్కువ పొద్దు పడుతుంది. ఈ ఇబ్బంది కొత్తది కాదు. 10 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలో తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లే. లైను పొడవునా వోల్టేజి చోటుచోటుకీ మారుతుంటే మీటరు ఎక్కడ పెడతాం? అందుకే ముందుకెళ్లే తరంగమెంత, వెనక్కొచ్చేదెంత అన్నదే లెక్క.

బెల్ ల్యాబ్స్‌లో ఫిలిప్ స్మిత్ 1939లో ప్రచురించిన చార్టు ఆ లెక్కను బొమ్మలోకి దించింది. 1940లో ఎంఐటీలో పెట్టిన రేడియేషన్ ల్యాబొరేటరీ రాడార్ కోసం భౌతికశాస్త్రవేత్తలను ఈ పనిలోకి లాగింది. యుద్ధం తర్వాత వెలువడిన వాళ్ల 28 సంపుటాలే కాలేజీల్లో ఈ సబ్జెక్టుకు పునాది. అప్పటి పనిముట్టు స్లాటెడ్ లైన్, అంటే పొడవునా సన్నటి చీలిక ఉన్న లైను. ప్రోబ్ జరుపుతూ గరిష్ఠ, కనిష్ఠాలు రాసుకోవాలి. ఫ్రీక్వెన్సీ మారిస్తే మళ్లీ మొదటికే.

1952లో మైక్రోస్ట్రిప్ (బోర్డు మీద సన్నటి లోహపు పట్టీ) రావడంతో వేవ్‌గైడ్ అనే లోహపు గొట్టం పని బోర్డు మీదికి దిగింది. ఒక సిగ్నల్‌ను రెండుగా పంచే 1960 నాటి విల్కిన్సన్ డివైడర్ ఇప్పటికీ విద్యార్థులకు మంచి పరీక్ష. 50 ఓమ్‌ల సిస్టమ్‌లో 70.7 ఓమ్‌ల పావు తరంగం చేతులు రెండు, వాటి చివర్ల మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్, అంతే. 2.4 గిగాహెర్ట్జ్‌కి గాలి లెక్కన చెయ్యి 31 మిల్లీమీటర్లు, 1.6 మిల్లీమీటర్ల మందం ఎఫ్ఆర్-4 (మామూలు సర్క్యూట్ బోర్డు పదార్థం) మీద 17.5 దాకానే. రెసిస్టర్ సరిగ్గా అతక్కపోయినా పవర్ సగం సగం పంచుకుంటూనే ఉంటుంది, కాబట్టి తప్పు బయటపడదు. అవుట్‌పుట్‌ల మధ్య ఐసోలేషన్ (ఒకదాని సిగ్నల్ రెండోదానిలోకి పోకుండా ఎంత ఆగుతోందన్నది) చూస్తేనే 6 డెసిబెల్‌లకు పడిపోయిందని తెలుస్తుంది.

1967లో హెచ్‌పీ 8410 నెట్‌వర్క్ అనలైజర్ (సర్క్యూట్ గుండా పోయే, వెనక్కొచ్చే తరంగాలను కొలిచే యంత్రం) ఫేజ్‌ను, అంటే తరంగం ఎంత వెనకబడిందన్నదాన్ని కూడా స్క్రీన్ మీద చూపించింది. దాంతో ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ల మీద పరిశోధన ఊపందుకుంది, మనం పెట్టకుండానే వచ్చి చేరే దొంగ ఇండక్టెన్సుల బెడద కూడా మొదలైంది. ట్రాన్సిస్టర్ సోర్స్ కాలికీ గ్రౌండ్‌కీ మధ్య వయాలో (బోర్డు గుండా పోయే లోహపు పూత రంధ్రంలో) 0.1 నానోహెన్రీ ఉన్నా 10 గిగాహెర్ట్జ్ దగ్గర అది 6.3 ఓమ్‌లు. గెయిన్ తగ్గుతుంది, స్టెబిలిటీ (యాంప్లిఫయర్ తనంతట తాను డోలనం చేయకుండా ఉండటం) లెక్కలన్నీ తప్పుతాయి.

కేబుళ్లు, కనెక్టర్ల ప్రభావం తీసేయడానికి 1979లో ఎంగెన్, హోయర్ టీఆర్ఎల్ కాలిబ్రేషన్ ప్రతిపాదించారు: థ్రూ (రెండు పోర్టులు నేరుగా కలపడం), రిఫ్లెక్ట్ (తరంగాన్ని వెనక్కి కొట్టే ముక్క), లైన్ (పోర్టుల మధ్య అదనపు లైను ముక్క). బ్యాండ్ నడిమి ఫ్రీక్వెన్సీ దగ్గర లైన్, థ్రూ కంటే పావు తరంగం పొడుగుండాలి. రెండింటి ఫేజ్ తేడా 20 నుంచి 160 డిగ్రీల మధ్యే నమ్మదగినది, అంటే 8:1 బ్యాండ్. 180 దగ్గరపడితే అనలైజర్‌కి లైనూ థ్రూ ఒకేలా కనిపించి, గ్రాఫ్‌లో ముళ్లు లేస్తాయి. వాటిని సర్క్యూట్ రెజొనెన్స్ అనుకుని డిజైన్ తిరగరాసేవాళ్లున్నారు. కావలసింది ఇంకో పొడవులో రెండో లైను.