జాగ్ సీరియల్ చూసి మిలిటరీ కోర్టు ఇలాగే ఉంటుందనుకునేవారికి: అపోహలు - వాస్తవాలు

నేను వర్జీనియాలో, నార్ఫోక్ నేవీ బేస్‌కి కూతవేటు దూరంలో లాయర్‌గా పనిచేస్తున్నాను. కోర్టు మార్షల్‌లో (అంటే సైనిక కోర్టులో) నిందితుల తరఫున వాదించడం నా వృత్తి. యూనిఫాం వేసుకోను, సివిలియన్ లాయర్ని. గ్రీన్ కార్డు వచ్చాక అమెరికా నేవీలోనో ఆర్మీలోనో చేరిన తెలుగు పిల్లలు ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలు ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరో నంబర్ ఇస్తే నాకు ఫోన్ చేస్తారు. మాటల మధ్యలో "జాగ్‌లో ఇలా చూపించారు కదండీ" అన్న మాట తరచూ వస్తుంది.

చెప్పొద్దూ, నాకూ ఆ సీరియల్ అంటే ప్రాణం. అమెరికా వచ్చిన కొత్తలో ఇక్కడి యాస చెవికెక్కడానికి రాత్రిళ్లు టీవీ ముందు కూర్చునేదాన్ని. అలా దొరికింది అమెరికా నేవీ లాయర్ల కథ జాగ్. 1995 సెప్టెంబరులో ఎన్‌బీసీలో మొదలైంది. ఒక్క సీజన్‌కే ఆ చానల్ వదిలేస్తే 1997లో సీబీఎస్ ఎత్తుకుంది. 2005 ఏప్రిల్ దాకా పది సీజన్లు, 227 ఎపిసోడ్లు నడిచింది. సృష్టికర్త డొనాల్డ్ బెలిసారియో ఒకప్పుడు మెరైన్. యుద్ధవిమానం నడిపి, రాత్రి చూపు సరిగా లేక లాయరైన హార్మన్ ('హార్మ్') రాబ్‌గా డేవిడ్ జేమ్స్ ఇలియట్ నటించాడు. మెరైన్ ఆఫీసర్ సారా మెకెంజీగా, అందరూ 'మ్యాక్' అని పిలిచే పాత్రలో, క్యాథరిన్ బెల్ నటించింది. బెల్ వాళ్లమ్మది ఇరాన్. సీరియల్లో మ్యాక్ కూడా ఫార్సీ మాట్లాడుతుంది. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాషతో బతికే నాకు, యూనిఫాంలో కోర్టులో నిలబడిన ఆ మనిషిని చూస్తే ధైర్యం వచ్చేది. లా స్కూల్‌కి అప్లికేషన్ పెట్టడంలో ఆమె పాత్ర కూడా కొంత ఉంది.

అందుకే ఆ సీరియల్ని తక్కువ చేయాలని ఇది రాయడం లేదు. అందులో చూసింది నమ్మి కొందరు పిల్లలు నిజంగా నష్టపోతున్నారు. అది ఆపాలనే రాస్తున్నాను.

అపోహ: ఆ ఆఫీసులో ఉన్న లాయర్లందరూ 'జాగ్'లే

జాగ్ అంటే జడ్జ్ అడ్వొకేట్ జనరల్. అది ఒక్కరి పదవి, ఆ విభాగానికి పెద్ద. సీరియల్లో జాన్ ఎం. జాక్సన్ వేసిన అడ్మిరల్ చెగ్విడెన్ అన్నమాట. మిగతావాళ్లు జడ్జ్ అడ్వొకేట్లు. వాడుకలో అందరినీ జాగ్ అనేస్తారు, దానివల్ల నష్టమేమీ లేదు. ఆర్మీలో ఈ విభాగం 1775 నుంచే ఉంది. నేవీలో జాగ్ కోర్ విడిగా ఏర్పడింది మాత్రం 1967 డిసెంబరులో.

భారత సైన్యంలోనూ జాగ్ విభాగం ఉంది, మన లా విద్యార్థులు దానికి పోటీ పడతారు కూడా. కానీ అక్కడి జనరల్ కోర్టు మార్షల్‌లో జడ్జ్ అడ్వొకేట్ చట్టం గురించి సలహా చెబుతాడు, ఓటు వేయడు. ఇక్కడి మిలిటరీ జడ్జి మామూలు కోర్టు జడ్జిలాగే విచారణ నడిపిస్తాడు. ఈ రెండింటినీ కలిపి చూడకండి.

అపోహ: ఒకే ఆఫీసు లాయర్లు ఈ వారం ప్రాసిక్యూషన్, వచ్చే వారం డిఫెన్స్

హార్మ్, మ్యాక్ పక్కపక్క గదుల్లో కూర్చుంటారు. పొద్దున అడ్మిరల్ ఇద్దరినీ పిలిచి "నువ్వు ప్రాసిక్యూట్ చెయ్, నువ్వు డిఫెండ్ చెయ్" అంటాడు. సాయంత్రం ఇద్దరూ కలిసి బయటికి వెళతారు. కథకు ఇది బాగుంటుంది. కొడుకు మీద కేసు పడిన తల్లి దీన్ని చూస్తే మాత్రం "వాళ్లూ వాళ్లూ ఒకటే, మావాడి తరఫున ఎవరు నిలబడతారు?" అనుకుంటుంది. నాతో చాలామంది అన్నారు ఈ మాట.

నేవీలో ప్రాసిక్యూషన్ చూసే ఆఫీసు వేరు, డిఫెన్స్ చూసే ఆఫీసు వేరు. డిఫెన్స్ సర్వీస్ ఆఫీస్ అని విడిగా ఉంటుంది. దాని కమాండింగ్ ఆఫీసర్ వేరు, అక్కడి లాయర్ల పనితీరుకు మార్కులు వేసేవాళ్లు వేరు. మీవాడి ఓడ కెప్టెన్‌కి ఆ లాయర్ మీద ఏ అధికారమూ ఉండదు. కొన్నేళ్లకోసారి బదిలీ మీద ప్రాసిక్యూషన్ నుంచి డిఫెన్స్‌కి వచ్చేవాళ్లుంటారు, నిజమే. కానీ ఒకే కేసులో రెండు వైపులా పనిచేయడాన్ని మిలిటరీ చట్టంలోని ఆర్టికల్ 27 నిషేధిస్తుంది.

ఇంకో పెద్ద మార్పు సీరియల్ ముగిసిన చాలా ఏళ్లకు వచ్చింది. హత్య, లైంగిక దాడి, గృహహింస వంటి తీవ్రమైన నేరాల్లో కేసు నడపాలా వద్దా అన్నది 2023 డిసెంబరు 28 నుంచి కమాండర్ చేతిలో లేదు. స్పెషల్ ట్రయల్ కౌన్సెల్ అనే స్వతంత్ర ప్రాసిక్యూటర్లు నిర్ణయిస్తారు. పాత ఎపిసోడ్లు చూసి "కెప్టెన్ గారిని బతిమాలితే కేసు పోతుందా?" అని అడిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అపోహ: లాయరే వెళ్లి నేరం ఛేదిస్తాడు

హార్మ్ సాక్షుల్ని వెంటాడతాడు, తుపాకీ పడతాడు, మధ్యలో ఎఫ్-14 యుద్ధవిమానం కూడా ఎక్కుతాడు. నిజం లాయర్ కుర్చీలోంచి లేచేది ఫైలు కోసమే. నేవీలో నేర పరిశోధన చేసేది ఎన్‌సీఐఎస్. జాగ్‌లోనే 2003లో రెండు ఎపిసోడ్లుగా పరిచయం చేసి, అదే ఏడాది విడి సీరియల్‌గా మొదలుపెట్టింది వాళ్ల కథనే.

జడ్జ్ అడ్వొకేట్లలో చాలామంది రోజువారీ పని కోర్టులో కాదు. ఓడ నెలల తరబడి సముద్రం మీదికి వెళ్లే ముందు వారం లీగల్ ఆఫీసు బయట నిలబడి చూడండి. ఇరవై ఏళ్ల పిల్లలు వరస కడతారు. ఒకడు వీలునామా రాయించుకోవాలి. ఒకమ్మాయి తన కారు అమ్మే అధికారం చెల్లెలికి ఇస్తూ పవర్ ఆఫ్ అటార్నీ రాయాలి. ఇంకొకడు అపార్ట్‌మెంట్ లీజు రద్దు చేసుకోవాలి, ఓనర్ ఒప్పుకోవడం లేదు. సర్వీసులో చేరకముందు తీసుకున్న అప్పుల మీద వడ్డీ 6 శాతం దాటకూడదని చట్టం ఉంది. అది అడిగి రాయించుకోవాలని తెలియనివాళ్లు ఎంతమందో. ఇవన్నీ అక్కడ ఉచితం. మీ పిల్లలు సర్వీసులో ఉంటే ఇవాళే చెప్పండి.

అపోహ: తప్పు చేయనివాడికి లాయర్ ఎందుకు?

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

ఒకమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసింది. వాళ్లబ్బాయి ఓడ మీద సెయిలర్. స్టోరులో కొంత సామాను లెక్క తేలలేదు. ఎవరివన్నది తెలియకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. అబ్బాయిని పిలిచి కూర్చోబెట్టారు, హక్కుల కాగితం చదివి వినిపించారు. అబ్బాయి సంతకం పెట్టేసి మూడు గంటలు మాట్లాడాడు. "నేనేం తప్పు చేయలేదు కదా ఆంటీ, అంతా చెప్పేస్తే వాళ్లకే అర్థమవుతుందనుకున్నా" అన్నాడు నాతో. టీవీలో నిజాయితీగా మాట్లాడినవాడి కళ్లలోకి హీరో ఒక్కసారి చూసి నమ్మేస్తాడు. ఆ గదిలో ఉన్నవాళ్లు రాసుకున్నది అబ్బాయి నోట వచ్చిన ఒక్క వాక్యం: "ఏమో, ఆ రోజు రిజిస్టర్లో నేనే సంతకం పెట్టానేమో." గుర్తులేక, మర్యాదకి అన్న మాట అది. పెద్దవాళ్లు గట్టిగా అడిగితే "కాదు" అనకుండా "ఏమోనండీ" అనడం మన పెంపకంలో ఉన్నదే. ఇంగ్లీషులో, ఆ కాగితం మీద, అది సగం ఒప్పుకోలు.

మిలిటరీ చట్టంలో ఆర్టికల్ 31 అని ఉంది, 1951 నుంచి అమల్లో ఉంది. మౌనంగా ఉండే హక్కు పోలీసులు ముందే చెప్పాలన్న మిరాండా తీర్పు 1966లో వచ్చింది. అంటే సైనికులకు ఆ రక్షణ పదిహేనేళ్ల ముందే దక్కింది. పైగా మిరాండా అరెస్టు లాంటి పరిస్థితిలోనే వర్తిస్తుంది. ఆర్టికల్ 31కి అరెస్టు అక్కర్లేదు. అనుమానం పెట్టుకుని ప్రశ్నించే పై అధికారి కూడా ముందు చెప్పాలి: ఆరోపణ ఇదీ, నువ్వు మాట్లాడాల్సిన పనిలేదు, మాట్లాడితే నీ మీదే వాడతాం అని.

హక్కు ఉందని చెప్పినప్పుడు దాన్ని వాడుకోవాలి. "సర్, లాయర్‌తో మాట్లాడాకే ఏదైనా చెబుతాను." ఇంతే అనాలి. ఇది ఎదురు తిరగడం కాదు, అమర్యాదా కాదు. సర్వీసులో చేరే పిల్లలకు పచ్చళ్లు, పొడులు సర్దే ముందు ఈ వాక్యం నేర్పి పంపండి.

అపోహ: ఉచితంగా ఇచ్చే మిలిటరీ లాయర్ పనికిరాడు

సివిలియన్ లాయర్నైన నేనే చెబుతున్నాను, ఇది తప్పు. స్పెషల్ (ఒక మోస్తరు నేరాలకు), జనరల్ (తీవ్రమైన నేరాలకు) కోర్టు మార్షల్‌లో ప్రతి నిందితుడికీ మిలిటరీ డిఫెన్స్ లాయర్‌ని ఇస్తారు. జీతం ఎంత, ఆస్తి ఎంత అని అడగరు. బయటి లాయర్ని పెట్టుకుంటే ఖర్చు మీది. పెట్టుకున్నా మామూలుగా మిలిటరీ లాయర్ కూడా పక్కనే ఉంటారు. ఇల్లు తాకట్టు పెట్టి నాకు ఫీజు కడతామన్న నాన్నకు నేను వద్దనే చెప్పాను. ముందు ఆ కుర్ర లెఫ్టినెంట్‌తో కూర్చుని మాట్లాడమన్నాను. ఆ అమ్మాయి కేసు ఫైలు నాకంటే బాగా చదివి ఉంది.

అపోహ: కెప్టెన్స్ మాస్ట్ అంటే కోర్టే

కాదు. అది ఆర్టికల్ 15 కింద కమాండర్ వేసే క్రమశిక్షణ శిక్ష. నేరం రుజువైనట్టు లెక్కలోకి రాదు. మామూలుగా దాన్ని కాదని కోర్టు మార్షల్ కోరుకోవచ్చు, కానీ ఓడ మీద పనిచేసేవాళ్లకు ఆ అవకాశం లేదు.

అపోహ: 'గిల్టీ' అన్న ఒక్క మాటతో అయిపోతుంది

టీవీలో నిందితుడు తలవంచుకుని ఒక్క మాట అంటాడు, సీన్ మారిపోతుంది. ఇక్కడ అలా కుదరదు. మిలిటరీ జడ్జి అతనితో ప్రమాణం చేయించి, నేరంలోని ఒక్కో అంశం విడమరిచి, "ఏం చేశావు? అది తప్పని అప్పుడే తెలుసా? నీ మాటల్లో చెప్పు" అని అడుగుతారు. "నేరం ఒప్పుకోను, శిక్షకు మాత్రం సిద్ధం" అనే బేరం ఇక్కడ చెల్లదు. చెప్పేదాంట్లో ఎక్కడైనా "నేను కావాలని చేయలేదు" అన్న అర్థం వస్తే జడ్జి ఆగిపోతారు. అది తేలకపోతే ఆ ఒప్పుకోలు తీసుకోరు. బేరం కుదిరింది కదా అని చేయని నేరాన్ని నెత్తిన వేసుకోబోయిన కుర్రాణ్ని ఈ ప్రశ్నలు కాపాడడం నా కళ్లతో చూశాను. అమెరికాలో చాలా సివిలియన్ కోర్టుల్లో ఇంత లోతుగా అడగరు.

శిక్ష ఖరారు చేసే ముందు నిందితుడు ప్రమాణం లేకుండా తన గురించి మాట్లాడవచ్చు. ప్రాసిక్యూటర్ క్రాస్ చేయడానికి వీల్లేదు. ఆ కాసిన్ని నిమిషాల కోసం వారాల తరబడి తయారవుతాం.

అపోహ: హార్మ్, మ్యాక్ ప్రేమించుకోవడమే నేరం

ఇద్దరూ ఆఫీసర్లే, కథలో చాలాకాలం సమాన హోదాలోనే ఉన్నారు. చట్టం పట్టించుకునేది ఆఫీసర్‌కీ కింది ర్యాంకు సైనికుడికీ మధ్య, లేదా ఒకరి కింద ఒకరు పనిచేసేవాళ్ల మధ్య హద్దు దాటిన సంబంధాన్ని. ఎదురెదురుగా వాదించే ఇద్దరు లాయర్లు ప్రేమలో ఉంటే అది వృత్తి ధర్మానికి సంబంధించిన సమస్య, క్లయింటుకు తప్పక చెప్పాలి. చివరి ఎపిసోడ్‌లో అతనికి లండన్, ఆమెకు శాన్ డియాగో పోస్టింగులు వస్తే, ఎవరు ఉద్యోగం వదలాలని నాణెం ఎగరేస్తారు. ఆ బాధ మాత్రం అక్షరాలా నిజం. ఇక్కడ ప్రతి రెండో ఇంట్లో ఆ చర్చ జరిగే ఉంటుంది.

సీరియల్ నిజాన్ని పట్టుకున్న చోటు ఇంకొకటి ఉంది. ప్యాట్రిక్ లాబోర్టో వేసిన బడ్ రాబర్ట్స్ అఫ్గానిస్థాన్లో మందుపాతర మీద కాలు వేసి కాలు పోగొట్టుకుంటాడు. జాగ్ లాయర్లు యుద్ధభూమికి వెళతారు. ఏ లక్ష్యాన్ని కొట్టవచ్చు, ఏది కూడదు అన్న సలహా కమాండర్ పక్కనే ఉండి ఇస్తారు. కాలు పోయాక సర్వీసులో కొనసాగడానికి అతను పడిన పోరాటాన్ని ఇప్పటికీ కళ్లు తుడుచుకోకుండా చూడలేను.

అపోహ: శిక్ష అనుభవిస్తే అంతటితో సరి

జైలు నెలరోజులే కావచ్చు. సర్వీసు నుంచి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితం జీవితాంతం వెంట వస్తుంది. మన పిల్లలకు ఇంకో ముప్పు ఉంది. సైనిక సేవ ద్వారా అమెరికా పౌరసత్వం పొందినవాళ్లు, అయిదేళ్ల గౌరవప్రదమైన సర్వీసు పూర్తికాకముందే 'అదర్ దేన్ ఆనరబుల్' (గౌరవప్రదం కానిది) లేదా అంతకంటే కింది డిశ్చార్జితో బయటికొస్తే, ఆ పౌరసత్వాన్ని రద్దు చేసే వీలు చట్టంలో ఉంది. నేరం ఒప్పుకునే ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా మాట్లాడాలి.

అపోహ: జ్యూరీలో పన్నెండుమంది ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి

మరణశిక్ష కేసులో తప్ప కాదు. 2019 నుంచి జనరల్ కోర్టు మార్షల్ ప్యానెల్లో (జ్యూరీ లాంటిది) ఎనిమిది మంది, స్పెషల్‌లో నలుగురు. నాలుగింట మూడొంతులు చాలు. అంటే ఎనిమిదిలో ఆరు ఓట్లు పడితే దోషి, అయిదే పడితే నిర్దోషి. తేలలేదని మళ్లీ విచారణ పెట్టడం ఉండదు. 2020లో అమెరికా సుప్రీంకోర్టు రాష్ట్రాల కోర్టులన్నిటికీ ఏకగ్రీవం తప్పనిసరి చేసింది. అది కోర్టు మార్షల్‌కు వర్తించదని మిలిటరీ అప్పీళ్ల కోర్టు 2023లో తేల్చింది. నాకు ఆ తీర్పు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు. ఓట్లు రహస్యంగా చీటీల మీద వేస్తారు, అందరికంటే జూనియర్ మెంబర్ లెక్కిస్తాడు.

అయితే ఈ ప్యానెల్‌కు మామూలు జ్యూరీల్లో చాలావాటికి లేని సౌకర్యం ఒకటి ఉంది, సీరియల్ దాన్ని చాలా తక్కువగా వాడుకుంది. మెంబర్లు సాక్షిని ప్రశ్నలు అడగవచ్చు. కాగితం మీద రాసి ఇస్తారు, రెండు వైపుల లాయర్లం చూస్తాం, జడ్జి ఒప్పుకుంటే చదువుతారు. కింది ర్యాంకు నిందితుడు కోరితే ప్యానెల్లో కనీసం మూడో వంతు కింది ర్యాంకు వాళ్లే ఉండాలి.

విజయవాడ అమ్మ కొడుకు కేసులో అలాగే కోరాం. ప్రాసిక్యూషన్ సాక్షిని నేను నలభై నిమిషాలు క్రాస్ చేశాను. కూర్చున్నాక, ప్యానెల్ వెనక వరసలో ఉన్న సీనియర్ చీఫ్ (కింది ర్యాంకుల్లో పెద్ద హోదా) ఒకాయన, స్టోర్లలోనే తల నెరిసినవాడు, చిన్న కాగితం మీద ఏదో రాసి ఇచ్చాడు. జడ్జి చదివారు: "ఆ వారం ఇన్వెంటరీ అయ్యేటప్పుడు ఆ రిజిస్టర్ ఏ డివిజన్ దగ్గర ఉంది?" సాక్షి కాసేపు ఆలోచించి, వేరే డివిజన్ పేరు చెప్పాడు. అబ్బాయి పెట్టానేమో అన్న సంతకం, ఆ రోజు అతని చేతికి రాని పుస్తకంలో ఉంది. నాకు ఆ ప్రశ్న తట్టలేదు.

అబ్బాయి ఇప్పుడు వేరే ఓడ మీద పనిచేస్తున్నాడు. ఆ కాగితం, సీనియర్ చీఫ్ చేతిరాతతో, అప్పెలేట్ ఎగ్జిబిట్‌గా నంబర్ వేసి కేసు రికార్డులో ఉంది.