ఇంజిన్ హోరు తగ్గిందంటే

ఢిల్లీ నుంచి గన్నవరం వస్తున్నాం. ఇంకో పాతిక నిమిషాల్లో దిగుతామనగా ఇంజిన్ల హోరు ఉన్నట్టుండి తగ్గిపోయింది. పక్క సీట్లో పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "ఏమండీ, ఇంజిన్ గానీ ఆగిపోయిందా?" అన్నారు. పాపం, ఆయన టెన్షన్ ఆయనది. నిజానికి డబ్బు మిగిలేదీ, గాలి పాడవకుండా ఉండేదీ ఆ నిశ్శబ్దంలోనే.

విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ ఎవరు తొక్కుతారు? బండి తన బరువుకే జారుతుంది. విమానమూ అంతే. ఇంజిన్లు ఐడిల్‌లో, అంటే కనీస శక్తితో తిరుగుతూ ఉన్నా, కిలోమీటరు ఎత్తు దిగేలోపు పదిహేను కిలోమీటర్లకు పైగానే ముందుకు జారగలదు. పైలట్ల నోటిలెక్క ఒకటుంది: ఎత్తు ఎన్ని వేల అడుగులో దాన్ని 3తో హెచ్చవేస్తే, ఎన్ని నాటికల్ మైళ్ల ముందు దిగడం మొదలుపెట్టాలో తేలుతుంది. 36 వేల అడుగులకు 108 నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు), అంటే 200 కిలోమీటర్లు. గన్నవరం నుంచి తిన్నగా కొలిస్తే దాదాపు వరంగల్ అంత దూరం!

ఈ జారుడు మధ్యలో తెగకుండా రన్‌వే దగ్గరి దాకా రావడాన్ని కంటిన్యూయస్ డిసెంట్ అంటారు. మామూలుగా జరిగేది మెట్లు దిగడం. 10 వేల అడుగులకు దిగి కాసేపు అక్కడే, 4 వేలకు దిగి మళ్లీ కాసేపు. ఆగిన ప్రతి మెట్టు మీదా ఎత్తు తగ్గకుండా ఇంజిన్లను రేపాల్సిందే. సాయంత్రంపూట బెంజి సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా కారు నడిపినవాళ్లకు ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక్కడో తమాషా ఉంది. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానం పైన ఎగిరినా, కింద ఎగిరినా నిమిషానికి తాగేది సుమారు 40 కిలోల ఇంధనమే. కానీ పైన పలచని గాలిలో నిమిషానికి 14 కిలోమీటర్లు పోతుంది, కింద చిక్కటి గాలిలో 8 కిలోమీటర్లే. కింద అయిదు నిమిషాలు ఈడిస్తే 200 కిలోలు ఖర్చు. అదే 40 కిలోమీటర్లు పైనే గడిపేసి ఉంటే 120 లోపు సరిపోయేది. తేడా 80 కిలోలు. ఇంధనం కిలో కాలితే గాలిలోని ఆక్సిజన్ కూడా కలిసి 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది కాబట్టి, ఒక్క ల్యాండింగ్‌లో పావు టన్ను.

2002లో అమెరికాలోని లూయివిల్‌లో సరుకు విమానాలతో ఈ కంటిన్యూయస్ డిసెంట్‌ను పరీక్షించినప్పుడు అసలు గురి ఇంధనం కూడా కాదు, ఊళ్ల మీద పడే చప్పుడు తగ్గించడం.

మరి రోజూ ఇలాగే దింపొచ్చుగా? చిక్కంతా ఒకదాని వెనక ఒకటి దిగే విమానాల వరసలో ఉంది. బరువైన విమానం ఒకలా జారుతుంది, తేలికది ఇంకోలా. గాలి వెనక నుంచి తోస్తే లెక్క మళ్లీ మారుతుంది. వాటి మధ్య ఎడం చెడకూడదు కాబట్టి నేల మీంచి విమానాలను నడిపించే కంట్రోలర్ ఒకదాన్ని మెట్టు మీద నిలబెడతాడు. హైదరాబాద్ లాంటి రద్దీ చోట తప్పదు. రద్దీ తక్కువుండే గన్నవరంలో ఈ పని సులువు కావాలి.

చివర్లో ఫ్లాపులు (రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలు), చక్రాలు దిగాక ఇంజిన్లు మళ్లీ కాస్త గర్జించాయి. "ఇప్పుడేమైందండీ?" అన్నారు పెద్దాయన. ఐడిల్ నుంచి పూర్తి శక్తి అందుకోవడానికి జెట్ ఇంజిన్‌కు కొన్ని సెకన్లు పడుతుంది, రన్‌వే మీద ఏదైనా అడ్డొస్తే వెంటనే లేవాలి కాబట్టి ముందే కాస్త రాజేసి ఉంచుతారని చెప్పాను. ఆయన తలూపి, సీటు బెల్టు ఇంకో చుట్టు బిగించుకున్నారు.